వెర్సైల్స్ పరిహారం గురించి మనం చెప్పుకుంటున్నది సగం కథే

సంపాదకులు గారికి నమస్కారాలు.

మీ పత్రిక సంపాదకీయ పేజీలో ఈ మధ్య యుద్ధ నష్టపరిహారాల మీద వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఇప్పుడు యుద్ధాలకు దిగిన దేశాల నుంచి పరిహారం రాబట్టాలన్న వాదనను ఖండిస్తూ వ్యాసకర్త మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక కుదిరిన 1919 నాటి వెర్సైల్స్ సంధిని సాక్ష్యంగా నిలబెట్టారు. ఓడిపోయిన జర్మనీ నెత్తిన మోయలేని భారం పెట్టారనీ, ఆ భారమే హిట్లర్‌ను గద్దెనెక్కించిందనీ, కాబట్టి పరిహారం అడగడమంటే రాబోయే యుద్ధానికి విత్తు చల్లడమేననీ ఆయన తేల్చేశారు. కోనసీమలో డిగ్రీ విద్యార్థులకు చాలాకాలం చరిత్ర పాఠాలు చెప్పినవాడిగా ఈ వాదన నాకు కొత్తది కాదు. పోటీ పరీక్షల గైడ్లలో వెర్సైల్స్ అని రాసి పక్కన ఒక బాణం గుర్తు, తర్వాత నష్టపరిహారం, మరో బాణం, ద్రవ్యోల్బణం, ఇంకో బాణం, చివర హిట్లర్ అని ఒకే వరుసలో వేసి ఉంటుంది. రెండు మార్కుల ప్రశ్నకు అది సరిపోతుంది గాని, ఒక దేశం తనకు జరిగిన నష్టానికి మరో దేశాన్ని డబ్బు అడగవచ్చా లేదా అన్నది తేల్చడానికి ఆ బాణాలు చాలవు.

ముందు తేదీలు చూద్దాం. జర్మన్ కాగితపు మార్కు పూర్తిగా కుప్పకూలింది 1923 నవంబరులో. అప్పుడు ఒక్క డాలరు కొనాలంటే 4.2 లక్షల కోట్ల మార్కులు కావాలి. ఆ వాదనే నిజమైతే, జీవితమంతా కూడబెట్టుకున్న సొమ్ము ఒక పూట రొట్టెకు చాలని ఆ కాలంలోనే జనం నాజీల వెంట పడి ఉండాలి. 1924 మేలో నాజీలు, వారితో జట్టు కట్టినవారు కలిసి తెచ్చుకున్నది 6.5 శాతం ఓట్లు. 1928 మే వచ్చేసరికి అది 2.6 శాతానికి, 12 సీట్లకు పడిపోయింది. తర్వాత ప్రపంచమంతటా ఆర్థిక మాంద్యం వచ్చి పడింది, జర్మనీలో 1932 నాటికి నిరుద్యోగులు అరవై లక్షలు దాటారు, చాన్సలర్ బ్రూనింగ్ జీతాలకూ నిరుద్యోగ భృతికీ కోత మీద కోత పెట్టాడు. ఆ దశలో, 1930 సెప్టెంబరులో, నాజీలకు 18.3 శాతం వచ్చింది. 1932 జులై 31న 37.3 శాతం వచ్చింది. ఆ చివరి ఎన్నికకు ఇరవై రెండు రోజుల ముందే, జులై 9న, లోజాన్ నగరంలో కుదిరిన ఒప్పందంతో నష్టపరిహారం దాదాపుగా మాఫీ అయిపోయింది. భారం దిగిపోయాక ఓట్లు పెరిగాయంటే, ఆ భారం ఒక్కటే కారణమని ఎలా అంటాం? పరిహారాన్ని హిట్లర్ నినాదంగా వాడుకున్న మాట నిజం. 1929లో పరిహారపు వాయిదాలను సవరించిన యంగ్ పథకానికి వ్యతిరేకంగా నడిచిన ప్రజాభిప్రాయ సేకరణ ఉద్యమం అతనికి దేశమంతటా వేదిక దొరికేలా చేసింది. ఆ ఓటింగులో వారు చిత్తుగా ఓడిపోయారు గాని, పేరు మాత్రం ఇంటింటికీ చేరింది. మోసిన భారం వేరు, దాని పేరు చెప్పి చేసిన ప్రచారం వేరు. వ్యాసంలో ఈ రెండూ కలిసిపోయాయి.

ఇక అంకె. 1921 మేలో మిత్రరాజ్యాలు లండన్‌లో ఖరారు చేసిన మొత్తం 13,200 కోట్ల బంగారు మార్కులు. వ్యాసకర్త ఉదహరించినదీ ఇదే. అయితే ఆ మొత్తాన్ని ఏ, బీ, సీ అని మూడు రకాల బాండ్లుగా విడగొట్టారన్న సంగతిని ఆయన ప్రస్తావించలేదు. ఏ బాండ్లు 1,200 కోట్లు, బీ బాండ్లు 3,800 కోట్లు; వీటికి వడ్డీ ఉంది, వాయిదాలున్నాయి. మిగిలిన 8,200 కోట్లు సీ బాండ్లు. జర్మనీకి అంత స్తోమత వచ్చిందని, వసూళ్లు చూసే మిత్రరాజ్యాల పరిహార కమిషన్ భావించిన నాడే వాటిని బయటికి తీయాలి, అప్పటిదాకా వాటికి వడ్డీ కూడా లేదు. అలాంటి రోజు రాదని రాయించుకున్నవారికీ తెలుసు, రాసిచ్చినవారికీ తెలుసు. తీరదని ఇద్దరికీ తెలిసిన బాకీకి ఊళ్లో పరువు కోసం రాయించుకున్న ప్రామిసరీ నోటు అది. వసూలు కావలసిన అసలు మొత్తం 5,000 కోట్లు. ఈ సంధిని తిట్టిపోసి, బ్రిటిష్ ఖజానా కొలువు వదిలి వచ్చిన ఆర్థికవేత్త కీన్స్ సైతం 1919లో జర్మనీ ఇవ్వగలదని వేసిన అంచనా 200 కోట్ల పౌండ్లు, అంటే దాదాపు 4,000 కోట్ల మార్కులు. (ఈ కీన్స్ ఉద్యోగ జీవితం మొదలైంది లండన్‌లోని ఇండియా ఆఫీసులో, ఆయన మొదటి పుస్తకం మన రూపాయి మారకం గురించే.) రెండు అంకెల మధ్య తేడా ఉంది, కాదనను. కానీ 13,200 అన్న అంకె పుట్టించే గుండెదడ ఆ తేడాలో లేదు. చివరకు లెక్క చూస్తే, సరుకుల రూపంలో ఇచ్చినవీ కలుపుకొని 1932 దాకా జర్మనీ ముట్టజెప్పింది సుమారు 2,000 కోట్ల మార్కులే.

మరి ఆ పెద్ద అంకె ఎందుకు రాశారు? తమ ఓటర్లకు చూపించడానికి. 1918 డిసెంబరు ఎన్నికల సభల్లో బ్రిటన్ మంత్రి ఎరిక్ గెడ్డెస్, జర్మనీని నిమ్మకాయలా గింజలు కీచుమనేదాకా పిండుతామని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆ చప్పట్ల బాకీ పారిస్‌లో తీర్చవలసి వచ్చింది. ధ్వంసమైన ఇళ్లకూ గనులకూ మాత్రమే లెక్క కడితే సింహభాగం ఫ్రాన్సుకు, బెల్జియానికి పోయి బ్రిటన్‌కు పెద్దగా ఏమీ రాదు. అందుకని యుద్ధంలో చనిపోయినవారి భార్యల పింఛన్లు, సైనికుల కుటుంబాలకిచ్చిన భత్యాలు కూడా నష్టం కిందికే వస్తాయని వాదించి లెక్కలో చేర్పించారు. ఆ వాదనకు న్యాయశాస్త్రం తొడిగినవాడు, మిగతా విషయాల్లో జర్మనీ మీద జాలి చూపమన్న దక్షిణాఫ్రికా నాయకుడు స్మట్స్ కావడం విచిత్రం. ఫ్రాన్సు సంగతి వేరు. నాలుగేళ్లపాటు యుద్ధం జరిగింది దాని నేల మీద. జర్మన్ సేనలు వెనక్కి పోతూ పోతూ లెన్స్ ప్రాంతపు బొగ్గు గనుల్లోకి నీళ్లు వదిలి వెళ్లాయి. జర్మనీ బొగ్గుకూ పరిశ్రమలకూ కేంద్రమైన రూర్ ప్రాంతంలో మాత్రం ఒక్క పొగగొట్టమూ కూలలేదు. గనులు ముంచినవాడు వాటిని తోడించే ఖర్చు ఇవ్వాలనడంలో అన్యాయం ఎక్కడుందో వ్యాసకర్త చెప్పి ఉంటే బాగుండేది.

యుద్ధ బాధ్యతను జర్మనీ మీద మోపిన 231వ అధికరణం గురించి అందరూ రాస్తారు. దాని కింద ఉన్న 232వ అధికరణాన్ని చదివేవారు తక్కువ. మొత్తం నష్టాన్ని పూడ్చడానికి జర్మనీ వనరులు చాలవని మిత్రరాజ్యాలే అందులో ఒప్పుకున్నాయి. పైగా ఓడినవాడి దగ్గర డబ్బు గుంజడం వెర్సైల్స్‌తో మొదలైన ఆచారమూ కాదు. 1871లో ఫ్రాంక్‌ఫర్ట్ సంధి కింద జర్మనీయే ఫ్రాన్సు నుంచి 500 కోట్ల ఫ్రాంకులు రాబట్టింది. చెల్లింపు పూర్తయ్యేదాకా తన సైన్యాన్ని ఫ్రెంచి నేల మీదే ఉంచింది. ఫ్రాన్సు దేశంలోనూ బయటా బాండ్లు అమ్మి, గడువుకు ముందే, 1873లో బాకీ తీర్చేసింది. 1918లో బ్రెస్ట్-లిటోవ్‌స్క్ సంధి కింద రష్యా చేత విశాలమైన భూభాగాలను వదిలించి, ఆ ఆగస్టులో కుదిరిన అనుబంధ ఒప్పందంలో 600 కోట్ల మార్కులు కట్టమన్నదీ జర్మనీయే. నాలుగేళ్ల మహాయుద్ధం తర్వాత చితికిపోయిన దేశాన్ని ఏడాది కూడా సాగని యుద్ధం తర్వాతి ఫ్రాన్సుతో పోల్చడం పూర్తి న్యాయం కాదని నాకూ తెలుసు. అయినా ఆ రెండు సంధులనూ రాసిన చేతులు మూడో సంధిని చూసి ప్రపంచంలో ఎన్నడూ లేని దౌర్జన్యమనడం చెల్లదు.

నా దృష్టిలో అసలు లోపం అంకెలో కన్నా, ఆ అంకె వెనుక ఎవరూ చివరిదాకా నిలబడకపోవడంలో ఉంది. జర్మనీ మళ్లీ దండెత్తితే తాము అండగా వస్తామని అమెరికా, బ్రిటన్ మాట ఇచ్చాయి గనుకనే ఫ్రాన్సు ప్రధాని క్లెమెన్సో రైన్ నది సరిహద్దు కోరికను వదులుకున్నాడు. తీరా 1919 నవంబరులో ఒకసారి, 1920 మార్చిలో మరోసారి అమెరికా సెనేట్ సంధిని తిరస్కరించింది. అమెరికా హామీ పోయేసరికి, దానితో ముడిపెట్టిన బ్రిటన్ హామీ కూడా రాలిపోయింది. ఇక ఫ్రాన్సు చేతిలో మిగిలింది పరిహారపు పద్దు ఒక్కటే. అందుకే దాన్ని అంత మొండిగా పట్టుకుంది. జర్మనీ నిలదొక్కుకుంటే తన సరుకు కొంటుందని బ్రిటన్ ఆశ. జర్మనీ నిలదొక్కుకుంటే తన మీదికి వస్తుందని ఫ్రాన్సు భయం. వసూలు చేయవలసిన ఇద్దరూ చెరో దారి పట్టారని బెర్లిన్‌కు తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు.

1923 జనవరి 11న ఫ్రెంచి, బెల్జియన్ సైన్యాలు రూర్ లోయలోకి అడుగు పెట్టాయి. దానికి కారణంగా చూపింది టెలిగ్రాఫ్ స్తంభాలు. ఇవ్వవలసిన కలప, స్తంభాలు గడువులోగా పంపలేదని 1922 డిసెంబరులో పరిహార కమిషన్ నిర్ధారించింది. కొన్నాళ్లకు బొగ్గు విషయంలోనూ అదే తేల్చింది. ఆ ఓటింగుల్లో బ్రిటన్ ప్రతినిధి మిగతావారితో ఏకీభవించలేదు. సైన్యం వచ్చాక రూర్ గని కార్మికులు, రైల్వే కార్మికులు పని మానేశారు. వారి కూలిని బెర్లిన్ ప్రభుత్వం తన ఖజానా నుంచి చెల్లించింది. ఖజానాలో లేనిది అచ్చు యంత్రాల మీద కొట్టింది. ద్రవ్యోల్బణం అప్పటికే ఉంది. యుద్ధ ఖర్చును పన్నులతో కాక అప్పులతో నడిపిన జర్మన్ చక్రవర్తి కైజర్ సర్కారు దానికి పునాది వేసి పోయింది. రూర్ తర్వాత అది అదుపు తప్పి, పైన చెప్పిన 4.2 లక్షల కోట్లకు చేరింది. సెప్టెంబరు 26న జర్మన్ చాన్సలర్ స్ట్రెస్‌మన్ ఆ సహాయ నిరాకరణను విరమించి, నవంబరులో కొత్త మార్కు తెచ్చాడు. లక్ష కోట్ల పాత మార్కులకు ఒక్క కొత్త మార్కు. స్తంభాల కోసం వెళ్లిన ఫ్రాన్సు తన ఫ్రాంకు విలువ కూడా పోగొట్టుకుని వెనక్కి తగ్గింది.

1924లో డాస్ పథకం వచ్చింది. మొదటి ఏడాది 100 కోట్ల మార్కులతో మొదలై క్రమంగా 250 కోట్లకు పెరిగేలా వాయిదాలు పెట్టి, 80 కోట్ల మార్కుల అప్పు ఇప్పించారు. అక్కడి నుంచి నడిచిన తతంగం చూడవలసిందే. అమెరికా బ్యాంకులు జర్మనీకి అప్పిస్తాయి; జర్మనీ ఆ డబ్బుతో ఫ్రాన్సుకూ బ్రిటన్‌కూ పరిహారం కడుతుంది; ఆ రెండూ యుద్ధకాలంలో తెచ్చుకున్న బాకీ కింద దాన్ని మళ్లీ అమెరికాకే పంపుతాయి. ఆ ఏళ్లలో జర్మనీ కట్టిన పరిహారం కన్నా బయటి నుంచి తెచ్చుకున్న అప్పే ఎక్కువ. యుద్ధ రుణాలకూ పరిహారానికీ సంబంధమే లేదని అమెరికా చివరిదాకా బుకాయించింది. 1929లో న్యూయార్క్ స్టాక్ మార్కెట్ పతనంతో డబ్బు రావడం ఆగిపోయేసరికి ఆ సంబంధం ఏమిటో అందరికీ అర్థమైంది. 1931 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు హూవర్ ఒక ఏడాది వాయిదా ప్రకటించాడు. మరుసటి ఏడు లోజాన్‌లో మిగిలిన బాకీని 300 కోట్లకు కుదించారు. అది కూడా ఎవరూ కట్టలేదు. అదే మాంద్యం మన డెల్టాకు ధాన్యం ధర రూపంలో వచ్చింది. ధర దాదాపు సగానికి పడిపోయి, శిస్తు మాత్రం అలాగే ఉండి, చేలు తాకట్టులోకి వెళ్లాయి. 1938లో రాజాజీ మంత్రివర్గం తెచ్చిన మద్రాసు వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం, 1932 అక్టోబరుకు ముందు చేసిన సేద్యపు అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని కొట్టేసింది. వసూలు కాని బాకీని కుదించి, కుదించినదాన్ని గట్టిగా రాబట్టడం తెలివైన పని అన్న సంగతి లోజాన్‌లో పెద్దలకు పదమూడేళ్లకు గాని తట్టలేదు.

ఈ కథలో మనం కేవలం ప్రేక్షకులం కాదు. వెర్సైల్స్ అద్దాల మందిరంలో భారతదేశం తరఫున సంతకాలు పడ్డాయి. ఒకటి భారత వ్యవహారాల మంత్రి మాంటేగుది, మరొకటి బికనీర్ మహారాజు గంగాసింగ్‌ది. పదమూడు లక్షల మంది భారతీయులు ఆ యుద్ధంలో పనిచేశారు. తిరిగి రానివారు డెబ్భై వేలకు పైమాటే. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరమని ఎందుకంటారో పశ్చిమ గోదావరి వాళ్లకు చెప్పనక్కరలేదు. 1917లో మన ఖజానా నుంచి 10 కోట్ల పౌండ్లు, అప్పటి మారకంలో 150 కోట్ల రూపాయలు, బ్రిటన్‌కు కానుకగా ఇప్పించారు. మరి పరిహారంలో మన వాటా ఎంత? 1920లో బెల్జియంలోని స్పా పట్టణంలో జరిగిన సమావేశంలో ఫ్రాన్సుకు 52 శాతం, బ్రిటిష్ సామ్రాజ్యానికి 22 శాతం, ఇటలీకి 10, బెల్జియానికి 8 శాతం అని పంచుకున్నారు. మరుసటి ఏడు ఆ 22 శాతాన్ని సామ్రాజ్యంలో పంచినప్పుడు బ్రిటన్ 86.85 శాతం తీసుకుంది, ఆస్ట్రేలియా, కెనడాలకు చెరి 4.35 శాతం ఇచ్చింది, భారతదేశానికి 1.20 శాతం కేటాయించింది. అంటే జర్మనీ నూరు రూపాయలు కడితే మన లెక్కలోకి వచ్చేది ఇరవయ్యారు పైసలు. గౌతమి దాటితే యానాం. అది అప్పట్లో నూటికి యాభై రెండు రూపాయలు అందుకున్న ఫ్రాన్సు అధీనంలో ఉంది. ఎదుర్లంక రేవులో పడవెక్కినవాడు ఇరవయ్యారు పైసల దేశం నుంచి యాభై రెండు రూపాయల దేశానికి వెళ్లేవాడన్నమాట, యానాం జాలరికి అందులో దమ్మిడీ కూడా దక్కలేదనుకోండి. పరిహారంలో అన్యాయం జరిగిందని వ్యాసకర్త బాధపడుతున్నారు. ఈ అన్యాయం గురించి కూడా ఒక వాక్యం రాయవలసింది.

సంధులు ఎలా కూలతాయో, ఎలా నిలుస్తాయో చూపడానికి జర్మనీ కన్నా మంచి ఉదాహరణ టర్కీ. 1920 ఆగస్టు 10న ఒట్టోమాన్ సుల్తాను ప్రతినిధుల చేత సంతకం పెట్టించిన సెవ్రే సంధి, ఓడిన దేశాన్ని ముక్కలు చేసి ఆర్థిక వ్యవహారాలను కూడా విజేతల చేతిలో పెట్టింది. మన దేశంలో ఖిలాఫత్ ఉద్యమం ఉవ్వెత్తున లేచింది దీని మీదే. ఆ సంధిని సవరించమని వైస్రాయ్ ప్రభుత్వం పంపిన తంతిని బయటపెట్టడానికి అనుమతించినందుకు 1922 మార్చిలో మాంటేగు పదవి పోయింది. వెర్సైల్స్ మీద సంతకం పెట్టినవాడే సెవ్రే మూలంగా ఇంటికి పోయాడు. ఈలోగా టర్కీ నాయకుడు ముస్తఫా కెమాల్ సేనలు గ్రీకులను తరిమికొట్టాయి. 1923 జులై 24న లోజాన్‌లో టర్కీ సమాన హోదాలో కూర్చుని వేరే సంధి కుదుర్చుకుంది. యుద్ధ నియమాలకు విరుద్ధంగా టర్కీలోని అనటోలియాలో చేసిన నష్టానికి తాను బాధ్యురాలినని గ్రీసు అందులో ఒప్పుకుంది; గ్రీసు ఆర్థిక స్థితిని చూసి టర్కీ సొమ్ము వదులుకుంది; బదులుగా కరాఅగాచ్ అనే చిన్న ప్రాంతాన్ని తీసుకుంది. తప్పు కాగితం మీదికి ఎక్కింది, బాకీ అక్కడితో తీరింది. ఆ సంధి నేటికీ అమలులో ఉంది. అలాగని దాన్ని పొగడలేం. సుమారు పన్నెండు లక్షల గ్రీకు క్రైస్తవులను, నాలుగు లక్షల దాకా ముస్లింలను పుట్టిన ఊళ్ల నుంచి బలవంతంగా పెకలించి అటూ ఇటూ మార్చారు. ఆ ఏడాది డిసెంబరులోనే కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. 1920లో లండన్ వెళ్లి టర్కీ తరఫున బ్రిటన్ ప్రధాని లాయిడ్ జార్జితో వాదించి వచ్చిన మౌలానా మహమ్మద్ అలీ దానికి అధ్యక్షుడు. ఖలీఫా పదవి కోసం ఆయన ఇక్కడ గొంతెత్తిన రెండు నెలలకే, 1924 మార్చి 3న, టర్కీ తనంతట తానే ఆ పదవిని ఎత్తేసింది. ఆ మహాసభ గురించి మన జిల్లాలో రాసే సావనీరు వ్యాసాల్లో ఈ ముక్క ఎందుకో కనపడదు.

చిన్న తగాదాల్లో పరిహారం ఎలా పనిచేసిందో కూడా చూడాలి. 1923 ఆగస్టులో గ్రీసు, అల్బేనియా సరిహద్దులో ఇటలీ సేనాని ఒకరు హత్యకు గురైతే, హంతకులెవరో తేలకముందే ముసోలినీ కోర్ఫూ దీవి మీద ఫిరంగులు పేల్చి ఆక్రమించాడు. గ్రీసు నానాజాతి సమితిని ఆశ్రయించింది. వ్యవహారం సమితి చేయి దాటి, పెద్ద దేశాల రాయబారుల సమావేశానికి పోయింది. దెబ్బతిన్న గ్రీసే 5 కోట్ల లీరాలు చెల్లించుకుంది. రెండేళ్ల తర్వాత, 1925 అక్టోబరులో, సరిహద్దులో ఒక గ్రీకు సైనికుణ్ణి కాల్చి చంపారని అదే గ్రీసు తన సేనలను బల్గేరియాలోని పెట్రిచ్ వైపు నడిపింది. ఈసారి సమితి మండలి వెంటనే పారిస్‌లో సమావేశమై, గంటల లెక్కన గడువు పెట్టి సేనలను వెనక్కి రప్పించి, విచారణ సంఘాన్ని పంపి, గ్రీసు 45,000 పౌండ్లు చెల్లించాలని తీర్పు ఇచ్చింది. గ్రీసు చెల్లించింది. కోర్ఫూ విషయంలో మాకు దక్కని న్యాయం బల్గేరియాకు ఎలా దక్కిందని గ్రీకులు అడిగారు, అడగవలసిన ప్రశ్నే. పెట్రిచ్ దగ్గర పెద్ద దేశాలన్నీ ఒక్క మాట మీద ఉన్నాయి. కోర్ఫూలో తప్పు చేసినవాడే పెద్ద దేశం.

మిగిలిన సంధుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1925 నాటి లొకార్నో ఒప్పందం జర్మనీ పడమటి సరిహద్దుకు బ్రిటన్, ఇటలీల హామీ ఇచ్చింది, తూర్పున పోలండ్, చెకొస్లొవేకియాల సరిహద్దుకు అలాంటి హామీ ఇవ్వలేదు. రేపు ఎటు వెళ్లవచ్చో దారి చూపినట్టయింది. 1928 ఆగస్టు 27న పారిస్‌లో యుద్ధాన్నే నిషేధిస్తూ పదిహేను దేశాలు సంతకం చేశాయి, వాటిలో భారతదేశం కూడా ఒకటి. మీరితే ఏం చేయాలో అందులో ఒక్క ముక్క లేదు. 1935 జూన్‌లో బ్రిటన్ తానుగా జర్మనీతో నౌకా ఒప్పందం చేసుకుని, తమ నౌకాబలంలో 35 శాతం దాకా కట్టుకోవచ్చని వెర్సైల్స్ ఆంక్షను చేజేతులా చింపేసింది. 1936 మార్చి 7న జర్మన్ సైన్యం ఉండకూడదన్న రైన్‌లాండ్‌లోకి హిట్లర్ సైన్యాన్ని పంపినప్పుడు అడ్డుకునే హక్కు వెర్సైల్స్ ప్రకారమూ, లొకార్నో ప్రకారమూ ఉంది. ఎవరూ కదలలేదు. సంధి కఠినంగా ఉండడం వల్ల యుద్ధం వచ్చిందనేవారు ఈ రెండు తేదీలకు జవాబు చెప్పాలి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఉదారంగా వదిలేశారు కాబట్టే జర్మనీ బాగుపడిందన్నది వ్యాసంలోని మరో మాట. వదిలేయలేదు. సోవియట్ రష్యా తన వాటా జర్మనీలో ఫ్యాక్టరీలను ఊడబెరికి రైళ్లకెత్తించుకుపోయింది. పశ్చిమాన 1953లో లండన్ ఒప్పందం జర్మనీ పాత బాకీలను సుమారు సగానికి తగ్గించి, తీర్చగలిగిన వాయిదాలు పెట్టింది. డాస్, యంగ్ అప్పుల తాలూకు బాండ్ల మీద మిగిలిన వడ్డీని దేశం ఏకమయ్యేదాకా ఆపి, ఆ తర్వాత కట్టమంది. జర్మనీ దాని ఆఖరి వాయిదాను 2010 అక్టోబరు 3న చెల్లించింది.

పరిహారం ఎన్నడూ ఎవరికీ అందలేదన్న మాటకు మాత్రం మా కోనసీమలోనే జవాబుంది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు ఈ ప్రాంతం నుంచి అక్కడ పనికి వెళ్లినవారు ఎందరో జోర్డాన్ ఎడారి శిబిరాలు దాటుకుని, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాల్లో కట్టుబట్టలతో ఇంటికి చేరారు. ఆ విమానాలు తెచ్చిన భారతీయులు లక్షా డెబ్భై వేలకు పైనే. మరుసటి ఏడు ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 687వ తీర్మానంతో ఒక పరిహార కమిషన్‌ను జెనీవాలో ఏర్పాటు చేసింది. ఇరాక్ చమురు అమ్మకాల రాబడిలో మొదట 30 శాతం దాకా, తర్వాత తగ్గించి 5 శాతం, చివర్లో 3 శాతం కోసి ఒక నిధిలో వేశారు. ప్రభుత్వాల కన్నా, చమురు కంపెనీల కన్నా ముందు, పారిపోయి వచ్చిన మామూలు మనుషుల క్లెయిములు తీర్చాలని నియమం పెట్టారు. దేశం విడిచి రావలసి వచ్చిన ఒక్కొక్కరికి 2,500 డాలర్లు, ఇంకే క్లెయిమూ వేయనంటే 4,000 డాలర్లు. కువైట్‌లో డ్రైవరుగా చేసి వచ్చిన మా వీధి ఆసామి ఒకాయన ఆ దరఖాస్తుకు తన పాస్‌పోర్టు మీది కువైట్ ముద్ర, పాత సివిల్ ఐడీ కార్డు జిరాక్సులు జతచేసి పంపారు. డబ్బు రావడానికి ఏళ్లు పట్టింది గాని వచ్చింది. దానితో ఆయన సెకండ్‌హ్యాండు ట్రాక్టరు కొన్నారు. 2022 జనవరిలో ఆఖరి చెల్లింపు అయ్యేనాటికి ఆ కమిషన్ పంచిన మొత్తం 5,240 కోట్ల డాలర్లు, అందుకున్నవారు సుమారు పదిహేను లక్షల మంది. ఈ డబ్బు ఇరాక్ సామాన్యుల కడుపు నుంచి వచ్చిందన్న విమర్శ ఉంది, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఆంక్షల కాలంలో మందులు దొరక్క అల్లాడిన దేశం అది. అయినా 1921 నాటి లండన్ పద్దుతో పోల్చి చూడండి: ఓటర్లను మురిపించే అంకె లేదు, రాబడిలో ఇంత శాతమన్న కొలత ఉంది, క్లెయిములు విడివిడిగా పరిశీలించే యంత్రాంగం ఉంది, భద్రతా మండలిలో అప్పటికి ఒక్క మాట ఉంది.

వ్యాసకర్త కోరినట్టు పరిహారం అన్న మాటనే పక్కన పెడితే, కూలిన ఇళ్లకు, పోయిన పంటలకు ఎవరు డబ్బు పెడతారో ఆయన చెప్పలేదు. ఎవరో ఒకరు పెట్టక తప్పదు. దాడి చేసినవాడు పెట్టకపోతే దెబ్బతిన్నవాడే అప్పు తెచ్చి పెట్టుకుంటాడు, 1920లలో ఫ్రాన్సు చేసినది అదే. ఈ అంశం మీద మీ పత్రిక మరో వ్యాసం వేసే ఉద్దేశంలో ఉంటే, లండన్ పద్దులోని మూడు బాండ్ల విభజననూ, స్పా వాటాల పట్టికనూ, కువైట్ కమిషన్ చెల్లింపుల క్రమాన్నీ పక్కపక్కన అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
అమలాపురం.